తెల్ల గింజ, ఎర్ర గింజ

మా మామ్మకి వయసెంతో మాకెవరికీ కచ్చితంగా తెలీదు. ఆధార్ కార్డులో 1952 జనవరి 1 అని ఉంది. మా ఊళ్ళో ముసలివాళ్ళలో సగం మంది జనవరి 1నే పుట్టినట్టు కార్డులు చెబుతాయి. మామ్మ లెక్క వేరు. పెద్ద గాలివాన వచ్చిన ఏడు, పులి మేకని ఎత్తుకుపోయిన ఏడు, మా నాన్న పుట్టిన ఏడు. ఆమె కాలమంతా ఇలాగే నడిచింది. అంకెలతో ఆమెకి ఎప్పుడూ పని పడలేదు. అలాంటి మామ్మ ఇప్పుడు రాజ్మా గింజలతో తన రక్తపోటు లెక్క తానే చూసుకుంటోంది. ఆ లెక్క మా ఇంటికి ఎలా వచ్చిందో, దానికి ముందు మేము చేసిన తప్పేమిటో చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

ముందు మా తాత గురించి చెప్పాలి. పాడేరు ఏజెన్సీలో మాది కొండవాలు ఊరు. తారురోడ్డుకి రావాలంటే అప్పట్లో గంటన్నర నడక. ఒక వేసవిలో, ఇటుకల పండుగ వెళ్ళిన నాలుగో రోజున, తాత పోడులో కత్తి పట్టుకునే కూలబడిపోయాడు. మూతి ఒక పక్కకి లాగేసింది, మాట ముద్దయింది. గాలి సోకిందన్నారు పెద్దలు. దిసారి వచ్చాడు, చేయాల్సింది చేశాడు. మర్నాటికీ చెయ్యి లేవకపోతే డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకుపోయాం. ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఈయనకి బీపీ ఎప్పటినుంచి ఉంది?" మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. తాత జబ్బకి ఆ పట్టీ కట్టడం అదే మొదటిసారి. తరవాత ఆయన రెండేళ్ళు బతికాడు. ఆ రెండేళ్ళూ కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చునే ఉన్నాడు.

మా వాళ్ళకి జబ్బంటే ఏదో ఒకటి తెలియాలి. మలేరియా మాకు పాత చుట్టం, చలి పుట్టించి వణికించి మరీ వస్తుంది. బీపీ అలా కాదు. నొప్పి లేదు, జ్వరం లేదు, తిండి సయిస్తుంది, కొండెక్కడానికి కాలు సాగుతుంది. ఏళ్ళ తరబడి లోపల లోపలే రక్తనాళాలని గట్టిపరిచి, గుండెనీ మూత్రపిండాలనీ పాడుచేసి, ఒక రోజున తాత చేతిలో కత్తిని పడగొట్టినట్టు పడగొడుతుంది. కొలిస్తే తప్ప తెలియని జబ్బు అది.

అందుకే ఆశా కార్యకర్త ఊళ్ళో అందరినీ కొలిచిన రోజున మామ్మకి 178 కింద 96 వస్తే మాకు కాళ్ళాడలేదు. ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ అమ్లోడిపిన్ బిళ్ళలు రాసింది. రోజుకొకటి, పొద్దున్నే. ఆ ఏడు కాఫీ పళ్ళు అమ్మిన డబ్బుల్లోంచి పద్దెనిమిది వందలు పెట్టి, మైదానంలో ఒక దుకాణంలో బీపీ మిషను కొన్నాం. తాతకి జరిగింది మామ్మకి జరగకూడదు, అంతే మా ఆలోచన. చదువుకున్న మనవలం ఉన్నాం, బొత్తాం నొక్కితే అంకె వస్తుంది, ఇందులో ఇంకొకరు చెప్పేదేముంది అనుకున్నాం.

అంకెలు వచ్చాయి. పొద్దున 118, సాయంత్రం 186. ఒక రోజు 142, మర్నాడు 171. నూటెనభై దాటిన రోజున భయపడి రెండో బిళ్ళ కూడా వేసేవాళ్ళం. నూటిరవై లోపు వస్తే ఈరోజుకి అక్కర్లేదని మానిపించేవాళ్ళం. మిషను చెప్పిన దాన్నిబట్టి మందు ఇస్తున్నాం కదా, ఇంతకంటే జాగ్రత్త ఏముంటుందని మాకు మేమే మెచ్చుకున్నాం.

రెండో బిళ్ళ వేసిన ఒక రాత్రి మామ్మ చటుక్కున లేచి బయటికి వెళ్ళబోయి గుమ్మం దగ్గర పడిపోయింది. ఎడమ మణికట్టు విరిగింది. పొయ్యి గట్టు రెండడుగుల దూరంలో ఉంది. తల దానికి తగిలి ఉంటే ఈ వ్యాసం ఇంకోలా రాయాల్సి వచ్చేది. "కళ్ళు సీకట్లొచ్చినాయర్రా, మీరేటి సేత్తారు" అని మమ్మల్నే ఓదార్చింది. మేము ఏం చేశామో మాకు తెలుసు.

సిమెంటు కట్టు వేయించుకుని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళిన రోజున డాక్టరమ్మ మీటింగుకి వెళ్ళింది. మందులిచ్చే కిటికీ వెనక ఫార్మసిస్టు సారు ఒక్కరే ఉన్నారు. అప్పటిదాకా ఆయన మాకు చీటీ చూసి బిళ్ళలు లెక్కపెట్టి ఇచ్చే మనిషి మాత్రమే. ఆయనే మామ్మ కట్టు చూసి, ఎలా పడిందని అడిగి, మొత్తం విన్నారు. కోప్పడలేదు. "వచ్చే సంత రోజున మిషను తీసుకురండి. ఇంట్లో మామ్మ మింగేవన్నీ ఒక సంచిలో వేసి తీసుకురండి. పొడులు, వేర్లు, గోలీలు ఏవీ వదలకండి" అన్నారు. ఆ వారం ఒక్క బిళ్ళకి మించి వేయొద్దని డాక్టరమ్మకి ఫోను చేసి కనుక్కుని మాకు చెప్పారు. మోతాదు మార్చడం తన పని కాదని, అది డాక్టరే చేయాలని అప్పుడే స్పష్టంగా అన్నారు.

సంత రోజున వెళ్ళాం. "మీ ఇంట్లో ఎలా చూస్తారో ఇక్కడ అలాగే చూడండి" అని ఆయన పక్కన నిలబడ్డారు. మామ్మ నేల మీద గొంతుకు కూర్చుంది. మేము జాకెట్టు చేతి మీదనే పట్టీ చుట్టాం. చుట్టుకి చుట్టూ తిరిగి ఇంకా వదులుగా ఉంది. మిషను గాలి పడుతుండగా మామ్మ పక్కింటి ఆవు ఈనిన కథ చెబుతోంది. మేము ఊకొడుతున్నాం. ఆయన నవ్వలేదు. దర్జీ టేపు తీసి మామ్మ జబ్బ చుట్టూ కొలిచారు. ఇరవై సెంటీమీటర్లు. పట్టీ మీద అచ్చు వేసి ఉన్నది చూపించారు: 22 నుంచి 32. "ఈ పట్టీ మామ్మ చేతికి పెద్దది. సన్నటి చేతికి పెద్ద పట్టీ కడితే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. లావు చేతికి చిన్నది కడితే ఎక్కువ చూపిస్తుంది."

మేము మానిపించిన రోజుల 118 ఎంతవరకు నిజమో అప్పుడు అనుమానం వచ్చింది. మరి 186? దానికీ ఆయన ఒక్కొక్కటే అడిగి తేల్చారు. సాయంత్రం ఎప్పుడు చూస్తున్నారు? ఊటనుంచి నీళ్ళబిందెతో ఎక్కి వచ్చాక. చుట్ట? మా మామ్మది అడ్డపొగ. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తుంది, మా వైపు ముసలమ్మలు చాలామందికి అదే అలవాటు. వచ్చీ రాగానే ఒకటి వెలిగిస్తుంది. అప్పుడే మేము పట్టీ కడతాం. నీళ్ళ బరువు, కొండ ఎక్కుడు, చుట్ట పొగ, ఆపుకున్న మూత్రం, మాటలు. ఇన్నీ కలిసిన అంకెని మేము జబ్బు అనుకున్నాం.

తరవాత సంచి విప్పారు. బీపీ బిళ్ళలు, మోకాళ్ళకి రాసే తైలం, పిప్పళ్ళ పొడి. "ఇంకేమైనా ఉన్నాయా మామ్మా?" మామ్మ కాసేపు మాట్లాడలేదు. ఆపైన కొంగు ముడి విప్పి ఒక చిన్న కాగితం పొట్లం ఇచ్చింది. అందులో విడి బిళ్ళలు. "మోకాళ్ళు నొప్పులు బాబూ. సంతలో ఇత్తారు. ఏసుకుంటే కొండెక్కీగలను" అంది. మాకు ఆ పొట్లం సంగతే తెలీదు. అవి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలని సారు చెప్పారు. అలాంటివి ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలబెడతాయట. బీపీని పెంచుతాయి, బీపీ మందుని పనిచేయనివ్వవు, ముసలివాళ్ళ మూత్రపిండాలకి చేటు చేస్తాయి. ఒక చేత్తో మేము తగ్గించే మందు వేస్తుంటే ఇంకో చేత్తో ఆమె పెంచే మందు వేసుకుంటోంది. ఎవరి బాధ వాళ్ళది.

ఇంకొకటి కూడా బయటపడింది. మామ్మకి చీలమండలు వాచాయి. బీపీ బిళ్ళల వల్లే జబ్బు కాళ్ళలోకి దిగిందనుకుని, మేము చూడనప్పుడు కొన్ని బిళ్ళలు పొయ్యిలో వేసింది. ఆ మందుకి కొందరిలో కాళ్ళు వాస్తాయని, చెబితే డాక్టరు మార్చే వీలుందని సారు అన్నప్పుడు మామ్మ ముఖం తేటపడింది. "అయితే నాది తప్పు కాదేటి?" అని అడిగింది. "కాదు మామ్మా, మాకు చెప్పకపోవడం ఒక్కటే తప్పు" అన్నారాయన.

చివరగా కూర్చోబెట్టి ఒకసారి, లేపి నిలబెట్టి ఒక నిమిషానికి ఇంకోసారి కొలిచారు. కూర్చున్నప్పుడు 148, నిలబడ్డప్పుడు 122. లేవగానే ఇరవై కంటే ఎక్కువ పడిపోతే కళ్ళు తిరుగుతాయి. ముసలివాళ్ళలో ఇది ఎక్కువ. ఆ రాత్రి పడిపోవడానికి ఇదే దారి తీసి ఉంటుందన్నారు. ఈ కాగితం ముక్క డాక్టరమ్మ చేతికి వెళ్ళింది. ఆమె రక్తపరీక్ష చేయించి, పాత మందు తగ్గించి, టెల్మిసార్టాన్ అనే ఇంకో మందు కొద్ది మోతాదులో జత చేసింది. మోకాళ్ళకి పారాసిటమాల్, కాపడం. సంత పొట్లం బంద్. చిన్న పట్టీ, 17 నుంచి 22 సెంటీమీటర్లది, ఆ తర్వాతి వారం తెప్పించుకున్నాం.

అప్పుడు మేము నేర్చుకున్న పద్ధతి ఇది. మా ఊళ్ళో ఇంకెవరికైనా పనికొస్తుందని రాస్తున్నాం. మిషను జబ్బకి కట్టేది అయి ఉండాలి. మణికట్టుకి కట్టేవి ముసలివాళ్ళకి నమ్మకం కాదు. టేపుతో చెయ్యి కొలిచి పట్టీ ఎంచుకోవాలి. కొలిచే ముందు అరగంట చుట్ట, టీ, కాఫీ, బరువు మోయడం వద్దు. మూత్రానికి వెళ్ళి రావాలి. వీపు ఆనేలా కూర్చుని, కాళ్ళు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో ఏదైనా బల్ల మీద పెట్టాలి. పట్టీ ఒట్టి చర్మం మీద కట్టాలి. ఐదు నిమిషాలు మౌనం. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి. పొద్దున మందు వేయకముందు, సాయంత్రం తిండికి ముందు. ఏడు రోజులు చూసి, మొదటి రోజుది వదిలేసి మిగతావి సగటు కట్టాలి. ఆసుపత్రిలో 140 కింద 90 గీత అయితే ఇంట్లో 135 కింద 85 గీత. ఒక్క రోజు అంకె చూసి మందు పెంచకూడదు, మానకూడదు. నూటెనభై దాటి, గుండెనొప్పి గాని ఆయాసం గాని మాట తడబడటం గాని మూతి వంకర గాని చెయ్యి లేవకపోవడం గాని ఉంటే లెక్కలు ఆపి 108కి ఫోను చేయాలి. ఇంటి మిషనుని ఏడాదికోసారి ఆరోగ్య కేంద్రం మిషను పక్కన పెట్టి సరిచూసుకోవాలి.

ఇదంతా నోటుబుక్కులో రాసుకున్నాం. మామ్మకి నోటుబుక్కు చదవడం రాదు. తన ఒంటి లెక్క తనకి తెలియకుండా మనవల చేతిలో ఉండటం ఆమెకి నచ్చలేదు. "నాకు తెలిసేటట్టు సెప్పండి" అంది. సారు ఆలోచించి, మన దొడ్లో పండేది ఏముందని అడిగారు. రాజ్మా ఉంది. ఎర్రవీ తెల్లవీ రెండు రకాలూ ఉన్నాయి. పై అంకె 135 లోపుంటే తెల్ల గింజ, దాటితే ఎర్ర గింజ. లేచినప్పుడు కళ్ళు తిరిగితే ఒక కంది గింజ. పొద్దుటిదొకటి, సాయంత్రంది ఒకటి, వారానికి పద్నాలుగు. అంకె చదవడానికి మాలో ఎవరూ ఇంట్లో లేకపోతే ఆరో తరగతి చదివే పక్కింటి పాప వస్తుంది. గింజ మాత్రం మామ్మే వేస్తుంది, వేరొకరు ముట్టుకోకూడదు. సంత రోజున కొంగున అవే కట్టుకుని కిటికీ దగ్గరికి వెళుతుంది. ఇదివరకు నొప్పి బిళ్ళలు దాచిన ముడి అది.

మొదటి వారం ఎర్రవి పదకొండు. మూడో నెలకి ఐదు. ఎందుకు ఎర్రవి అన్నది వాళ్ళిద్దరూ కూర్చుని తేల్చుకునేవారు. ఎండు చేప దగ్గర తేలింది ఒకసారి. చోడి అంబలిలో మామ్మకి ఎండు నెత్తళ్ళు ఉండాలి, పైన ఇంకా చారెడు ఉప్పు. రోజుకి మనిషికి ఐదు గ్రాముల లోపు, అంటే ఒక చెంచా ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ మాట మామ్మకి మింగుడు పడలేదు. ఆమె చిన్నప్పుడు కొండమీద ఉప్పంటే బంగారం. షావుకార్లు ఉప్పు మోసుకొచ్చి చింతపండూ పసుపూ పిప్పళ్ళూ మోసుకుపోయేవారని, గుప్పెడు ఉప్పుకి బుట్టెడు పంట పోయేదని పెద్దలు చెబుతారు. ఆ దోపిడీని అడ్డుకోవడానికే 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది. ఉప్పు దొరకడమే గెలుపు అనుకున్న తరం వాళ్ళది. వాళ్ళని ఉప్పు మానమంటే మళ్ళీ ఏదో లాక్కుంటున్నట్టే ఉంటుంది. సారుకి ఈ సంగతి మేము చెప్పాక ఆయన "మానమని" అనడం మానేశారు. నెత్తళ్ళు రెండు నీళ్ళలో కడిగి వండమన్నారు, అంబలిలో విడి ఉప్పు వద్దన్నారు. అది జరిగింది.

ఇది మా ఒక్క కొండ సంగతి కాదని తరవాత చదివితే తెలిసింది. అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరంలో నల్లజాతి మగవాళ్ళకి బీపీ ఎక్కువ, ఆసుపత్రి మీద నమ్మకం తక్కువ. అక్కడి వైద్యులు ఫార్మసిస్టులని వాళ్ళు వెళ్ళే మంగలి షాపులకే పంపారు. డాక్టర్లతో ముందే కుదుర్చుకున్న పద్ధతి ప్రకారం వాళ్ళు అక్కడే కొలిచి, అక్కడే మందులు సర్దారు. 52 షాపులు, 319 మంది. ఆరు నెలల్లో ఫార్మసిస్టులు చూసినవాళ్ళలో పై అంకె సగటున 27 తగ్గింది. మంగలి మాటగా సలహా చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళమన్న చోట 9 తగ్గింది. 2018లో అచ్చయిన లెక్క ఇది. మిన్నెసోటాలో ఇంటి మిషను అంకెలని ఫార్మసిస్టుకి పంపించి, ఆయన ఫోనులో మాట్లాడే పద్ధతిని 450 మందితో పరీక్షిస్తే అక్కడా మేలే కనిపించింది. వాళ్ళకి మంగలి షాపు ఎలాగో మనకి సంత అలాగ. ముసలివాళ్ళు ఆసుపత్రికి రాకపోయినా సంతకి వస్తారు.

మన దగ్గర ఫార్మసిస్టుకి మందు మార్చే హక్కు లేదు, ఉండాలని మేము అడగడం లేదు. మేము అడిగేది చిన్నది. సంత రోజున ఆరోగ్య కేంద్రం నుంచి ఒక ఫార్మసిస్టు, వీపు ఆనే ఒక కుర్చీ, రెండు సైజుల పట్టీలు, మామ్మల కొంగుముడి విప్పించేంత ఓపిక. నెలకి సరిపడా మందు ఒకేసారి. ఒక నెల మందుల స్టాకు రాక మామ్మకి తొమ్మిది రోజులు బిళ్ళలు లేవు. ఆ వారం గింజలన్నీ ఎర్రవే. కొలవడం ఎంత బాగా నేర్పినా ఇచ్చేందుకు బిళ్ళ లేకపోతే ఆ గింజలు ఏం చెప్పీ లాభం లేదు.

ఆ సారు క్రితం ఏడు బదిలీ అయి వెళ్ళిపోయారు. కొత్తగా వచ్చినావిడకి మామ్మ మొదటి రోజే కొంగు విప్పి గింజలు పోసింది. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. మామ్మ గింజ గింజకీ చెప్పి అర్థం చేయించింది. ఇప్పుడు మా వాడలో ఆరుగురు ముసలమ్మలు, ఒక దిసారి తాత మా అరుగు మీదే కొలిపించుకుంటారు. గోడకి ఆనుకుని వరసగా కూర్చుంటారు. ఎవరైనా నోరు విప్పితే మామ్మ ఊరుకోదు. "మాటాడకండి. అయిదు నిముసాలు." ఆ ఐదు నిమిషాలు మా అరుగు మీద కోళ్ళ చప్పుడు తప్ప ఏమీ ఉండదు.

పోయిన సంతకి తెల్లవి పదకొండు, ఎర్రవి మూడు.

"ఈ మూడూ ఎప్పటివి మామ్మా?" అని అడిగింది ఆ ఫార్మసిస్టమ్మ.

"మనవడు సెల్లికి పెళ్ళి సంబంధం వచ్చింది కదమ్మా. సుట్టాలొచ్చినారు. ఎండు సేప వండినాం" అంది మామ్మ. "కడగలేదు."